ఐబీఎం 1620ను ‘కేడెట్’ అన్నది వెక్కిరింతేనా?

తిరుపతి నుంచి, ఎంసీఏ విద్యార్థి:
1959లో ఐబీఎం తెచ్చిన 1620 కంప్యూటర్‌కు ‘కేడెట్’ అని పేరు. ‘కాంట్ యాడ్, డజంట్ ఈవెన్ ట్రై’, అంటే కూడిక రాదు, ప్రయత్నమైనా చేయదు అనే మాటల్లోని తొలి అక్షరాలవి. వాడినవాళ్లు విసుగెత్తి పెట్టిన పేరని నా వాదన. కాదనేవారు చెప్పండి.

చిత్తూరు నుంచి, విశ్రాంత గణిత అధ్యాపకుడు:
కాదంటాను నాయనా. యంత్రం తయారీలో ఉండగానే ఐబీఎం లోపల వాడుకున్న పేరు కేడెట్. పొదుపైన కొత్త సాంకేతికత గల కంప్యూటర్ అనే అర్థంలో ఆ పేరు పెట్టామని రూపకర్తల్లో ఒకరు చెప్పారు. అప్పుడే తయారవుతున్న 1401 అనే మరో ఐబీఎం కంప్యూటర్‌కు ‘స్పేస్’ అని పేరని, రెండూ కలిపి ‘స్పేస్ కేడెట్’ అన్నారని మరికొందరి జ్ఞాపకం. రెండింటిలో ఏది నిజమైనా పేరు ముందు, వెక్కిరింత తరువాత.

ఆ వెక్కిరింత అంతగా అతుక్కుపోవడానికి కారణం ఉంది. 1620లో కూడిక చేసే సర్క్యూటే లేదు! మెమరీలోని పట్టిక చూసి కూడేది. కూడికలవి 300 నుంచి 399 దాకా, గుణకారాలవి 100 నుంచి 299 దాకా ఉండే స్థానాల్లో. 7, 5 కూడాలంటే ఆ అంకెలను బట్టి పట్టికలో ఒక చోటికి వెళ్లేది. అక్కడ చిన్న గుర్తుతో 2 ఉండేది. ఆ గుర్తు ఉంటే చేతికి 1 అన్నమాట. ఏ ప్రోగ్రామైనా పొరపాటున ఆ పట్టికను చెరిపితే లెక్కలన్నీ తప్పేవి.

చిత్తూరులో చదువుకునే రోజుల్లో మేమూ లాగరిథం పట్టికలు తిరగేసే లెక్కలు చేశాం. పట్టిక చూస్తే లెక్క రానట్టా? సర్క్యూట్లు తగ్గించడం వల్లే విద్యాసంస్థలకు అందే ధరలో అలాంటి యంత్రం వచ్చింది. 1963లో ఐఐటీ కాన్పూర్‌కు వచ్చింది కూడా 1620యే. దాన్ని చేతకానిదంటే నాకు బాధేస్తుంది.

ఎంసీఏ విద్యార్థి:
పట్టిక సంగతి ఒప్పుకుంటాను సార్. మరి 1977 నాటి టీఆర్‌ఎస్-80 అనే చిన్న కంప్యూటర్‌ను ‘ట్రాష్-80’ అన్నారు కదా? చెత్త అని ఏ కంపెనీ పెట్టుకుంటుంది?

విశ్రాంత అధ్యాపకుడు:
అది ముమ్మాటికీ బయటివాళ్లు పెట్టిందే. టీఆర్‌ఎస్ అని గబగబా పలికితే ట్రాష్ అయిపోతుంది. పైగా మొదటి నమూనాలో ఒక కీ నొక్కితే అక్షరం రెండుసార్లు పడేది. దాన్ని చూపించి 1620 మీద తీర్పు చెప్పకు. 1620 రెండో నమూనాలో కూడికకు సర్క్యూట్ పెట్టారు. కూడిక రాదన్న మాట దానికి వర్తించనే వర్తించదు.