సమస్య: వట్టి పెట్టె తెఱవ వచ్చె సిరులు

నిర్వాహకుడు: కెనడాలోని ఆల్బెర్టాలో వెర్మిలియన్ హెరిటేజ్ మ్యూజియం ఉంది. ఆ ఊరి బ్రన్స్‌విక్ హోటల్ నుంచి వచ్చిన ఇనప్పెట్టె ఒకటి అక్కడుంది. 1970ల చివరినుంచి అది తెరుచుకోలేదు, తాళం తీసే అంకెలు తెలిసినవారూ మిగల్లేదు. 2019లో చూడడానికి వచ్చిన ఒకాయన, తాళం తిప్పే బిళ్ళ మీద 0 నుంచి 60 దాకా ఉండడం చూసి 20-40-60 అనుకుని తిప్పాడు. మొదటిసారికే తలుపు వచ్చేసింది! లోపల డబ్బు లేదు. పాత జీతాల చీటీ, హోటల్లో తిండి ఆర్డర్లు రాసుకున్న పుస్తకంలో కొన్ని కాగితాలు, అంతే. ఆ వార్త చదివినప్పటినుంచి ఈ పాదం నోట్లో ఆడుతోంది. కానివ్వండి.

గోదారిగట్టు:
మూడు మార్లు తిప్ప మూతయె విడివడ
పాత చీటి దొరికె పద్దులు దొరికె
కాసు లేదు గాని కథలెన్నొ పలికెను
వట్టి పెట్టె తెఱవ వచ్చె సిరులు

కృష్ణాతీరం: మూడో పాదం హాయిగా ఉంది గోదారి గారూ. కానీ రెండో పాదంలో "పద్దులు" ఏ గణమండీ? దసరా సమస్యలో నా పూరణకు అక్షరం అక్షరం తూకం వేసిన చేతులు ఇవేనా?

నిర్వాహకుడు: "పాత చీటి, తిండి పద్దు దొరికె" అంటే సరిపోతుంది. "దొరికె" రెండుసార్లు రావడమూ తప్పుతుంది. ఆ కాగితాల్లో మష్రూమ్ బర్గర్ డాలరున్నర అని ఉందట, కాబట్టి తిండి పద్దు అన్నమాట అక్షరాలా నిజం. పైన మార్చేస్తున్నాను.

గోదారిగట్టు: సవరణ బాగుంది. దసరా మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా కృష్ణా గారూ, అప్పుడు నేను అడిగింది గణం గురించి కాదు, మీ అఖండయతి గురించి, అంటే సంధి కలిసిన అచ్చును విడదీయకుండా హల్లుకే యతి వేయడం గురించి. దానికి ఇప్పటికీ జవాబు రాలేదు. ముందు మీ పూరణ పెట్టండి, చూద్దాం.

కృష్ణాతీరం: అఖండయతిని ఒప్పుకున్నవారూ ఉన్నారు, ఒప్పుకోనివారూ ఉన్నారు. నేను ఒప్పుకున్నవారి వైపు. ఇదిగో నాది:

తాత మఱచిపోయె తాళంపు లెక్కను
నారి నావ నీతి నమ్మి తిప్ప
మాట లంకెలయ్యె మనుమని చేతిలో
వట్టి పెట్టె తెఱవ వచ్చె సిరులు

మంజీర: ఆహా! అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది! నారి అంటే సున్న, రెండు. నావ అంటే సున్న, నాలుగు. నీతి అంటే సున్న, ఆరు. కుడినుంచి ఎడమకు చదివితే 20, 40, 60. పెట్టె తాళం పద్యంలోనే పెట్టారు కదండీ! మూడూ సూర్యగణాలే కావడం, "నా"కు "న" యతి కుదరడం... ఇలాంటి పాదం ఎప్పుడో గానీ పడదు. రెండో పాదం నాకు కంఠతా వచ్చేసింది.

గోదారిగట్టు: పాదం గొప్పదే, కాదనను. కానీ "నమ్మి" కూడా కటపయాదిలో 50 అవుతుంది. నాలుగో అంకె తిప్పితే తాళం తెరుచుకుంటుందా? అంతకన్నా పెద్ద లోటు, "వట్టి పెట్టె" ముడి విప్పనేలేదు. మనుమడు తెరిచాడు సరే, వట్టి పెట్టెలో సిరులెక్కడివి?

కృష్ణాతీరం: "నమ్మి" క్రియ. దేన్ని నమ్మాలో ఆ మూడు మాటలే అంకెలు. ఇక సిరులంటారా, తాత దాచిన విద్యే సిరి. 60 అంకెల బిళ్ళ మీద మూడు అంకెలు ఊహించాలంటే 2,16,000 దారులు. అందులో ఒక్కదాన్ని మూడు తెలుగు మాటల్లో దాచిపెట్టగలగడం కంటే వేరే సిరి నాకు అక్కర్లేదు.

మంజీర: ముడి విప్పే ప్రయత్నం నేనూ చేశాను. పెద్దలు చూడాలి.

సున్న నుండి బిళ్ళ సుళువుగాఁ దిప్పుచు
నిలుపవలయు చోట నిలిపి నిలిపి
చెవినిఁ జేర్చి వినుచుఁ జేతికందిన పిడి
వట్టి పెట్టె తెఱవ వచ్చె సిరులు

నిర్వాహకుడు: పిడివట్టి! "వట్టి"లోని లేమి మొత్తం ఎగిరిపోయింది. పిడి పట్టుకుని తెరిస్తే సిరులు రాక ఏమవుతాయి! శభాష్ మంజీరా.

కృష్ణాతీరం: విరుపు చక్కగా ఉందమ్మా. ఒక్క సందేహం. పిడిని పట్టి అన్నప్పుడు ద్వితీయ కదా, "పిడిఁ బట్టి" కావద్దూ?

గోదారిగట్టు: ప్రథమ మీది పరుషానికి గసడదవలు వస్తాయి, అంటే ఇక్కడ "ప" కాస్తా "వ" అవుతుంది. తలవట్టి, జుట్టువట్టి అని పెద్దలు వాడిందే. అమ్మాయి పద్యానికి ఏ లోటూ లేదు. నాకు నచ్చనిది ఆ చెవి ఒక్కటే. అమెరికా అణుబాంబు తయారుచేసిన లోస్ అలమోస్‌లో భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ బీరువాలు తెరిచింది చెవితో కాదు, లెక్కతో. అంకె రెండు గీతలు అటూ ఇటూ అయినా తాళం ఒప్పుకుంటుందని కనిపెట్టి, పది లక్షల దారుల్ని 8,000కు తెచ్చాడు. బీరువా తెరిచి ఉన్నప్పుడు చివరి రెండు అంకెలూ మెల్లగా పట్టేసేవాడు. ఒక తోటి శాస్త్రవేత్త బీరువాలకైతే 27-18-28 పెట్టుకుని ఉంటాడని ఊహించి తెరిచాడు. లెక్కల్లో ఈ అనే స్థిరాంకం 2.71828 కదా, అదీ కిటుకు.

మంజీర: చెవిని వదలలేను మాస్టారూ. అది పోతే మూడో పాదంలో యతి పోతుంది.

నిర్వాహకుడు: ఈ వారం ఉత్తమ పూరణ మంజీరది, ఉత్తమ పాదం కృష్ణాతీరం గారి రెండోది. అఖండయతి చర్చ వేరే చోట పెట్టుకుందాం, ఇక్కడ వద్దు.

కృష్ణాతీరం: గోదారి గారూ, మీ 27-18-28కి మాటలు దొరికాయి: సారె, హాయి, హరి. రాత్రికి పద్యం పెడతాను. యతి చూడడానికి మేలుకునే ఉండండి.