తిరుమల కొండా, పర్వతమా, పీఠభూమా?

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక తల్లి):
మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. పర్వతం, కొండ, పీఠభూమి, మైదానం అన్న మాటలకు నిర్వచనాలను తడుముకోకుండా అప్పగిస్తుంది. నిన్న సాయంత్రం మిద్దెపై నిలబడి, ఎదురుగా కనిపించే తిరుమలను చూపి, ఇది వాటిలో ఏదని అడిగితే మాత్రం జవాబు చెప్పలేకపోయింది, నాకూ తెలియలేదు. కింది నుంచి చూస్తే గోడలా నిలువుగా ఉండే ఈ కొండ, పైకి వెళ్లాక వీధులూ తోటలూ పట్టేంత చదునుగా ఉంటుంది కదా, దీన్ని పీఠభూమి అనకూడదా? అలాగే మన జిల్లాలోని పులికాట్‌ను సరస్సు అంటారు, కానీ దాని నీళ్లు ఉప్పగా ఉంటాయి. దానికీ సముద్రానికీ తేడా ఏమిటో దయచేసి వివరించగలరు.

సమాధానం (భూగర్భశాస్త్రం చదివినవారు):
అమ్మా, మీ అమ్మాయి తడబడటంలో తప్పు లేదు. ఇంత ఎత్తు దాకా కొండ, ఆపైన పర్వతం అని ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. తిరుమల సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. అయితే ఎత్తు కన్నా ఆ ఆకారం ఎలా ఏర్పడిందో చెబితే పిల్లలకు బాగా గుర్తుంటుంది. శేషాచలం కొండలు తూర్పు కనుమల్లో భాగం. వాటి అడుగున అతి ప్రాచీనమైన గ్రానైటు ఉంది. దానిపైన, ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్జైట్ రాతి పొరలు దాదాపు అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. ఈ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల విరామం ఉందని లెక్కగట్టారు. ఘాట్ రోడ్డు పక్కన ఆ సంధి కంటికి కనిపిస్తుంది, దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు కూడా. క్వార్ట్జైట్ అంత తేలికగా అరగదు కాబట్టి పైభాగం చదునుగా నిలిచింది, అంచులు మాత్రం పగుళ్ల వెంట నిలువుగా విరిగిపడ్డాయి. శిలాతోరణం కూడా ఈ రాయే. అందువల్ల తిరుమల ఒక పర్వతశ్రేణిలోని కొండ, దాని నెత్తి మాత్రం చిన్న పీఠభూమిలాంటిది అని చెప్పడమే సరైనదని నా అభిప్రాయం.

అసలైన పీఠభూమిని చూపించాలంటే చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరుకు తీసుకువెళ్లండి. కొండ అయితే ఎక్కినంతా మళ్లీ దిగాలి. అక్కడ ఎక్కడమే ఉంటుంది, ఆ తరువాత బెంగళూరు దాకా ఎత్తైన నేలమీదే ప్రయాణం సాగుతుంది.

సమాధానం (సూళ్లూరుపేట వాసి):
పులికాట్ గురించి నేను చెబుతాను. నీళ్లు మంచివా, ఉప్పువా అన్నదాన్ని బట్టి సరస్సు అవునో కాదో తేలదు. చుట్టూ నేల ఉండటమే ముఖ్యం. కొల్లేరు మంచినీటి సరస్సు. పులికాట్‌కూ బంగాళాఖాతానికీ మధ్య అలలు తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడిన పొడవైన దీవి, శ్రీహరికోట, అడ్డుగా ఉంది. ఇలా ఇసుకమేట వెనుక చిక్కుకుని, సన్నని ముఖద్వారాల ద్వారా మాత్రమే సముద్రంతో కలిసే నీటిని లాగూన్ అంటారు. మన దేశంలో చిలికా తరువాత ఇదే పెద్దది. కాళంగి వంటి నదులు వర్షాకాలంలో మంచినీటిని తెస్తాయి కాబట్టి అప్పుడు ఉప్పదనం తగ్గుతుంది, ఎండాకాలంలో నీరు ఆవిరై పెరుగుతుంది. ముఖద్వారం ఇసుకతో పూడిపోతే ఈ రాకపోకలు ఆగిపోయి చేపలు, రొయ్యలు తగ్గుతాయి. వేట మీద బతికే మా చుట్టుపక్కల కుటుంబాలకు ఇది పాఠంలోని విషయం కాదు, రోజూ తినే అన్నానికి సంబంధించిన విషయం. అఖాతం అలా కాదు, దాని నోరు సముద్రం వైపు విశాలంగా తెరుచుకునే ఉంటుంది.

సమాధానం (చంద్రగిరి ఉపాధ్యాయురాలు):
తరగతిలో నేను ముందు మన ఊరి మాటలతోనే మొదలుపెడతాను. కనుమ అంటే కొండల మధ్య దారి అనీ, తలకోన, కైలాసకోన పేర్లలోని కోన అంటే కొండల నడుమ లోయ అనీ తెలిశాక పిల్లలు లోయను బట్టీ పట్టరు.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే స్వర్ణముఖిని నది అనవచ్చా అని మా అమ్మాయి ఇప్పుడు అడుగుతోంది.

చంద్రగిరి ఉపాధ్యాయురాలు:
తప్పకుండా అనవచ్చు. అది వర్షాధార నది. ఈశాన్య రుతుపవనాల కాలంలో పారి, శ్రీకాళహస్తి మీదుగా సముద్రంలో కలుస్తుంది. మిగతా నెలల్లో ఆ ఇసుక కింద ఊట ఉంటుంది. ఇసుకలో చెలమ తవ్వి ఆమెకు చూపించండి.