ఘుగ్గుస్, బల్లార్షా కింది పాత బాయిలు: నీళ్లు తోడాలా, వద్దా?

వార్ధాఒడ్డు:
2022 ఆగస్టులో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా ఘుగ్గుస్‌లో, ఆమ్రాయి వార్డులో ఒక ఇల్లు నిలువునా భూమిలోకి దిగిపోయింది. కింద ఉన్నది పాత బొగ్గుబాయి. వార్ధా లోయలో 1870ల్లో వరోరాతో తవ్వకం మొదలైంది. ఆ గని 1906లో మూతపడ్డాక బల్లార్షా వైపు జోరందుకుంది. 1973 జాతీయీకరణ దాకా చేతులు మారుతూ తవ్వినవి ఎన్నో. వదిలేసిన గ్యాలరీల్లో (బొగ్గు తవ్విన సొరంగాల్లో) ఇప్పుడు నీళ్లు నిలిచి ఉన్నాయి. నా మాట ఒకటే: పంపులు పెట్టి తోడేయాలి, మనుషులు దిగి ఇసుక నింపాలి. ఇళ్ల కింద బొంద పెట్టుకుని నిద్రపోవడం కుదరదు.

రూఫ్‌సపోర్ట్:
నింపడానికి నేను అడ్డు చెప్పను. తోడడానికే చెబుతాను. నిండిన గ్యాలరీలో నీళ్లు పైకప్పును మోస్తున్నాయి. పైకప్పు మీద 30 మీటర్ల నీటిమట్టం ఉంటే చదరపు మీటరుకు దాదాపు 30 టన్నుల ఒత్తిడి కింది నుంచి పైకప్పుకు ఆసరా ఇస్తుంది. అది తీసేస్తే బరువంతా పిల్లర్ల (తవ్వకుండా వదిలిన బొగ్గు స్తంభాల) మీద, రూఫు మీద పడుతుంది. నానిన షేల్ (మట్టి పొరల రాయి) ఆరితే పొరలుగా రాలుతుంది. బొగ్గుకు గాలి తగిలితే వేడెక్కుతుంది, మన లోయ బొగ్గు త్వరగా అంటుకునే రకం.

గుంత ఎలా పైకొస్తుందో కూడా చూడండి. ముందు కూలేది జంక్షన్, అంటే గ్యాలరీలు కలిసే చోటి పైకప్పు. 4.8 మీటర్ల గ్యాలరీలు రెండు కలిసే చోట మూల నుంచి మూలకు దాదాపు 6.8 మీటర్లు. రాలిన రాయి మూడో వంతు ఉబ్బుతుందనుకుంటే, 3 మీటర్ల ఎత్తు ఖాళీ 9 మీటర్ల రాయి రాలాక మూసుకుపోవాలి. లెక్క అలా ఉన్నా అక్కడ ఆగదు. రాలింది నాలుగు గ్యాలరీల్లోకి జారిపోతుంది, బొగ్గు పైన ఉండే మెత్తని కామ్ఠీ ఇసుకరాయిని వాననీళ్లు కిందికి లాక్కుపోతాయి. మన సీమ్ (బొగ్గు పొర) మందం కాబట్టి ఒకదాని కింద ఒకటిగా రెండు సెక్షన్లలో తీసిన చోట, మధ్యలో వదిలిన పార్టింగ్ పొర కూలిందంటే ఖాళీ రెట్టింపు.

మ్యాప్‌పిచ్చి:
ఇద్దరూ ప్లానును, అంటే పాత గని పటాన్ని నమ్మి మాట్లాడుతున్నారు. ఇప్పటి నిబంధనల ప్రకారం 60 మీటర్ల లోతు లోపల, 4.8 మీటర్ల గ్యాలరీకి పిల్లర్లు మధ్య నుంచి మధ్యకు కనీసం 19.5 మీటర్లు. అంటే పోయిన బొగ్గు 43 శాతం, నిలిచింది 57. పాతకాలపు బాయిలో ఇదే దొరుకుతుందని అనుకోవద్దు. మూసే ముందు పిల్లర్ల అంచులు చెక్కి తీసుకున్నది ప్లానుకు ఎక్కదు.

ముందు చేయాల్సింది ఇది: ఇప్పటికీ కనిపించే షాఫ్టు (నిలువు బాయి) నోరో, ఇంక్లైన్ (వాలు దారి) నోరో పట్టుకుని దాన్నే స్థిర బిందువుగా ప్లాను నేల మీద పరవాలి. తర్వాత జంక్షన్ మీద బోరు. ఖాళీ తగలాల్సిన చోట గట్టి బొగ్గు తగిలితే ప్లాను జరిగిందన్నమాట. పక్కకు ఇంకో రెండు వేసి ఎంత జరిగిందో పట్టుకోవాలి. రాజురా వైపు 1956 దాకా అదిలాబాద్ జిల్లా, హైదరాబాద్ రాష్ట్రం. అక్కడి పాత కాగితాలు హైదరాబాద్‌లో కూడా వెతకాలి. ఈ పని మాత్రం ఎవరూ చేయరు.

వార్ధాఒడ్డు:
నీటి ఒత్తిడి మాట ఒప్పుకుంటున్నాను అన్నా. మరి తోడకుండా ఇసుక ఎలా పోస్తారు? ఊరినే జరిపి ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తెరిచి తవ్వే గని) చేస్తే మిగిలిన బొగ్గూ వస్తుంది కదా?

రూఫ్‌సపోర్ట్:
ఓపెన్‌కాస్ట్‌కు ముందు తోడక తప్పదు, అంటే మళ్లీ అదే ప్రమాదం. పైగా బ్లాస్టింగ్ హోలు పాత ఖాళీలోకి దిగితే పేలుడు మందు అందులోకి జారిపోతుంది. పిల్లరు కాలుతుంటే హోలు వేడి 80 డిగ్రీలు దాటిన చోట మందు పెట్టకూడదు.

తోడకుండా నింపే పద్ధతి ఉంది. పైనుంచి బోరు వేసి ఇసుక, నీళ్లు కలిపి వదలడం. నిలిచిన నీటిలో ఇసుక దూరం పోదు, బోరు కింద కుప్పగా పడుతుంది. అందుకే ప్రతి జంక్షన్‌కూ ఒక బోరు కావాలి. ఇళ్ల కిందివి ముందు, ఖాళీ నేల కిందివి తర్వాత. పక్కన ఇంకో బోరు తెరిచి ఉంచాలి, ఇసుక ఆక్రమించినంత నీరు బయటికి రావాలి కదా. ఇసుకకు ముందూ వెనుకా ఉత్త నీళ్లు పారించాలి. మధ్యలో పంపు ఆగితే గొట్టంలోనే గడ్డకట్టి జామ్ అవుతుంది. వార్ధా ఇసుక దొరకకపోతే ఓబీ (బొగ్గు మీద నుంచి తీసిపోసిన మట్టీ రాయీ) నుంచి కడిగి తీసిన ఇసుక, లేదా చంద్రపూర్ థర్మల్ కేంద్రపు బాటమ్ యాష్ (బాయిలరు అడుగున పడే గరుకు బూడిద). ఫ్లై యాష్ (పొగతో వచ్చే మెత్తని బూడిద) ఒక్కటే పోస్తే నీరు దిగదు, నెలల తరబడి బురదగానే ఉంటుంది.

మ్యాప్‌పిచ్చి:
దీనికి ఒక షరతు చేర్చండి. దగ్గర్లో ఓపెన్‌కాస్ట్ నడుస్తుంటే దాని పంపులు ఈ బాయి నీటిని కూడా లాగుతాయి. నింపడం మొదలుపెట్టకముందే నాలుగు బోర్లలో నీటిమట్టం వారం వారం కొలిచి రాయాలి. మట్టం దిగుతోందంటే ముందు ఆ పంపుల సంగతి తేల్చాలి. వానాకాలం ముందూ వెనుకా కొలతలు రెండూ లేకుండా బోరుకు అనుమతి అడగడం దండగ.