ఎం.ఏ. హిస్టరీ: క్లాసులో డిక్టేషనే, శాసనాలు చదవడం ఎలా?

హన్మకొండ పిల్ల:
హన్మకొండలో ఎం.ఏ. హిస్టరీ మొదటి ఏడాది. మాది ములుగు దగ్గర పల్లె. కాకతీయుల పేపర్ మీద ఎంత ఆశపెట్టుకున్నానో! క్లాసులో సార్ పాత నోట్స్ చదువుతారు, మేం రాసుకుంటాం. ఫుల్‌స్టాప్ కూడా ఆయనే చెప్తారు. మొన్న వేయి స్తంభాల గుడిలో శాసనం ముందు నిలబడ్డా. అక్షరాలు మనవిలాగే ఉన్నాయి, ముక్క అర్థమైతే ఒట్టు. సెల్ఫీలు అయిపోయి ఫ్రెండ్స్ పిలుస్తున్నా కదలబుద్ధి కాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత సీనియర్:
అర్థం కాదు చెల్లె, అది సంస్కృతం. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు వేయించింది. లిపి తెలుగు, కన్నడ ఇంకా పూర్తిగా విడిపోని కాలంది. ముందు లైబ్రరీలో ఆ శాసనం అచ్చు పాఠం వెతికి జిరాక్స్ తీయించుకో. దాన్ని చేతిలో పట్టుకుని రాయి మీద ఒక్కో అక్షరం పోల్చుకో. పొద్దున్నే వెళ్లు, ఎండ ఏటవాలుగా పడితే గాట్లలో నీడ నిలిచి అక్షరం తేలుతుంది. సుద్ద, పసుపు మాత్రం పుయ్యకు, రాయి పాడైతది.

కాజీపేట ప్యాసింజర్:
ఊరికెళ్లినప్పుడు పాలంపేట కూడా చూసిరా. రామప్ప శాసనం 1213 నాటిది, గుడి కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. ఈయన్నీ ఆ రుద్రదేవుణ్నీ కలిపేసి పరీక్షలో రాసేవాళ్లు మా బ్యాచ్‌లోనూ ఉండిరి. నోట్స్ మాత్రం మానకు, మార్కులు దానికే.

హన్మకొండ పిల్ల:
థాంక్స్ అన్నా. ఆదివారం పొద్దున్నే పోతా. ఫ్రెండ్స్‌కి చెప్పను.