‘అంగూర్’ లాంటి కవలల కామెడీ ఒక్క నటుడితోని తియ్యాలంటే ఎట్ల?

కాజీపేట పోరడు

హన్మకొండల 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నం. గుల్జార్ తీసిన హిందీ సినిమా ‘అంగూర్’ (1982) షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ నాటకం మీద నడిచింది, మాదీ అదే దారి. చిన్నప్పుడే విడిపోయిన కవలలు, ఇద్దరి పేరు ఒక్కటే. ఒకడు మానుకోట (మహబూబాబాద్) దిక్కు నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెస్తడు. ఇంకొకడు చౌరస్తాల దుకాణం పెట్టుకొని భార్యతోని ఉంటడు. రెండు పాత్రలూ ఒక్క నటుడే. సినిమాల దేవేన్ వర్మ చేసిన నౌకర్ల జంటను తీసేసినం. స్క్రిప్టు చదివినోళ్లు మాత్రం ‘ఎవడు ఎవడో తెలుస్తలేదు’ అంటున్రు. ఇంకోటి, ఆఖర్ల ఇద్దరూ ఎదురుపడే సీను ఫోన్‌తోని తియ్యొచ్చా?

తెర వెనుక

నౌకర్ల జంట పోయినా నష్టం లేదు తమ్మీ. షేక్‌స్పియర్‌కు ఆధారమైన ప్లాటస్ రోమన్ నాటకంల కవలలు ఒక్క జంటనే, రెండో జంట ఆయన కలిపిందే. కానీ అసలు నౌకరే లేకుంటే కథ కదలదు. కబురు మోసేది, సామాను తీస్కపోయి తప్పు మనిషి చేతిల పెట్టేది అతనే. దుకాణంల ఒక్క గుమాస్తాను పెట్టుండ్రి.

తికమక పాత్రలకు ఉండాలె, చూసెటోళ్లకు ఒక్క నిమిషం గూడ ఉండొద్దు. ‘అంగూర్’ల కవలల సంగతి మొదట్లనే చెప్పేస్తడు, ఆఖరికి బయటపెట్టే రహస్యం అని దాచిపెట్టడు. మీరు గూడ మొదటి 2 నిమిషాలల్ల ఇద్దరినీ ఎవని జాగల వాణ్ని చూపించుండ్రి. ఆ తర్వాత గుర్తు కావాలె. చొక్కా రంగు మారిస్తే గుర్తు దొరుకుతది గానీ, పొద్దున కట్టుకున్న బట్టలు భార్యకు యాదికి లేవా అని ప్రశ్న వస్తది. అందుకే గుర్తు బట్టల్ల కాదు, అలవాట్ల పెట్టాలె. ఊరి నుంచి వచ్చినోని చెయ్యి మాటిమాటికి లోపలి జేబు మీదికి పోతది, అండ్ల మిర్చి పైసలు, తక్‌పట్టీ (మార్కెట్ల అమ్మిన సరుకుకు ఇచ్చే చిట్టీ) ఉన్నయి కాబట్టి. దుకాణపాయన చెయ్యి ఎన్నడూ అటు పోదు. ప్రతి సీను మొదటి షాట్ల ఆ చెయ్యి కనపడాలె. పక్కనున్న పాత్రలు పట్టించుకోరు, చూసెటోళ్లు మాత్రం పట్టేస్తరు.

ఆ జేబే ఇంకో పెద్ద బొక్క గూడ పూడుస్తది. ‘కొత్తోళ్లందరు పేరు పెట్టి పిలుస్తుంటే వీనికి అనుమానం రాదా?’ అని ఎవరైనా అడుగుతరు. ‘అంగూర్’ల కవలలిద్దరి పేరూ అశోకే, బయటి ఊరి నుంచి వచ్చిన అశోక్ డిటెక్టివ్ నవలల పిచ్చోడు, ద్రాక్షతోట కొనేతందుకు పైసలు పట్టుకొని వచ్చిండు. అందుకే ప్రేమగ పలకరించిన ప్రతి మనిషి వానికి ముఠా మనిషి లెక్కనే కనపడుతడు. మీ రైతు గూడ అంతే. పంట పైసలు జేబుల ఉన్నోడు తెలియని మర్యాదకు భయపడుడు సహజం. ఎంత ప్రేమ చూపెడ్తే అంత వెనక్కి జరగాలె.

ఇగ వస్తువుల సంగతి. గొలుసు, తాళంచెవి, పైసల కట్ట ఏ సీన్ల ఎవరి చేతిల ఉన్నయో సీను నంబర్ల పక్కన ఒక కాగితం మీద రాసి పెట్టుకోండ్రి. కంసాలి గొలుసు రైతు చేతిల పెట్టిండంటే, ఆ కంసాలి తరువాతి సీన్లనే దుకాణపాయనను పైసలు అడగాలె. నడుమ వేరే సీను వస్తే నవ్వు చల్లబడుతది.

ఎడిటింగ్ టేబుల్

ఫోన్‌తోని అయితది. ఫోన్ కదలకుండ ఒకే నటుణ్ని రెండు టేకులల్ల రెండు దిక్కుల తీసి, ఎడిటింగుల ఆ రెండు సగాలను అతికిస్తరు. కానీ ఇద్దరూ ఒకే ఫ్రేముల ఉన్న షాట్లు 2 లేదా 3 చాలు, అవి గూడ ఆఖర్లనే. ‘అంగూర్’ల అన్నదమ్ములు ఎదురుపడేది క్లైమాక్సులనే. ముందే కలిస్తే కథ అయిపోయినట్టే.

మాన్యువల్ కెమెరా యాప్‌ల ఐఎస్ఓ (వెలుతురు పట్టే సెట్టింగు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సెట్టింగు), ఫోకస్ మారకుండ లాక్ చెయ్యండ్రి. సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు మినుకుమినుకు అనదు. స్టెబిలైజేషన్ (ఊగుడును సరిచేసే సెట్టింగు) బంద్ చేసి, ట్రైపాడ్ కాళ్లకు ఇసుక సంచి కట్టి, ఆఖరి టేకు అయ్యేదాక ఎవ్వరూ ఫోన్ ముట్టొద్దు. రికార్డు బటన్ నొక్కినా ఫ్రేము కదులుతది, రిమోటు వాడుండ్రి.

రెండు టేకులు కలిసే అతుకు గీత తలుపు చౌకట్ మీదనో, స్తంభం అంచు మీదనో పడేటట్టు ఫ్రేము పెట్టాలె. మనిషి గానీ నీడ గానీ ఆ గీత దాటొద్దు. చాలామంది మనిషిని చూసుకుంటరు, నీడను మర్చిపోతరు. ఫ్యాను బంద్, పరదా కట్టెయ్యాలె. ఎవ్వరూ లేని ఖాళీ ఫ్రేము 10 సెకన్లు తీసి పెట్టుకోండ్రి, అతుకు కాడ తేడా వస్తే అదే అక్కెరకొస్తది. కిటికీ వెలుతురుల తీస్తే రెండు టేకుల నడుమ ఆలస్యం చెయ్యొద్దు. మబ్బు కమ్మితే సగం ఫ్రేము నల్లగ, సగం తెల్లగ వస్తది. 4కెల (పెద్ద సైజు వీడియో) తీసి 1080ల (చిన్న సైజు) ఎగుమతి చేస్తే కొద్దిగ జరుపుకునే జాగ ఉంటది. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ల ఒక టేకు మీద ఇంకో టేకు పెట్టి, పైదాన్ని గీత దాక క్రాప్ చేసి, అంచు కొంచెం మెత్తగ చేస్తే సరిపోతది.

చూపు తప్పితే ఇంత కష్టం వృథా. అవతలి పాత్ర కండ్లు ఎంత ఎత్తుల ఉంటయో అక్కడ స్టాండుకు టేపు ముక్క అంటించుండ్రి. మిగిలిన సంభాషణ అంతా అదే ఎత్తు, అదే క్షవరం ఉన్న డూపును వెనుక నుంచి చూపించి భుజం మీది షాట్లతోని నడిపియ్యొచ్చు. చొక్కాకు ఒకే తాను నుంచి 3 కుట్టిస్తే మంచిది.

రంగస్థలం

ఒక్క నటుడే ఉన్నప్పుడు ఇంకో దారి ఉంది. హిందీ సినిమా ‘గోల్‌మాల్’ (1979)లో అమోల్ పాలేకర్ కవలలు కాదు, లేని తమ్ముణ్ణి సృష్టించిన ఒక్క మనిషి. ఉద్యోగం ఇచ్చిన భవానీశంకర్‌కు మీసమే గుర్తు. అక్కడ ఇద్దరు ఒకే ఫ్రేములోకి రావాల్సిన పనే లేదు. మీ కథ కవలలదే కాబట్టి అట్లనే ఉంచండి, కానీ మీసం తేడా మాత్రం పెట్టకండి. ఎండాకాలం షూటింగులో అంటించిన మీసం చెమటకు ఊడొస్తుంది.

కాజీపేట పోరడు

చాలా సంతోషం అన్నా. జేబు మీది చెయ్యి ఇయ్యాల్నే స్క్రిప్టుల రాస్తున్నం. ఆఖరి సీన్ల మాటలు ఎట్ల రికార్డు చెయ్యాలె? మార్కెట్ల తీసేతందుకు ఏమన్న చూసుకోవాల్నా?

ఎడిటింగ్ టేబుల్

సీను నడిపే పాత్రను ముందు తియ్యండ్రి. అవతలి మాటలు డూపు చదువుతడు. అండ్ల బాగున్న టేకు ఆడియోను రెండో పాత్ర తీసేటప్పుడు నటుని చెవుల చిన్న ఇయర్‌ఫోన్‌ల వినిపియ్యాలె, కెమెరాకు కనపడని చెవుల. ఒకరి మాట మీద ఒకరి మాట పడొద్దు. అర సెకను ఖాళీ ఉంటే ఎడిటింగుల దగ్గరికి జరుపుకోవచ్చు, మీద పడ్డ మాటను మాత్రం విడదియ్యలేరు.

మార్కెట్‌కు మిర్చి బాగ వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాక, బస్తాల గుట్టలు కావాలంటే అప్పుడే పోవాలె. ముందుగాల మార్కెట్ ఆఫీసుల అడుగుండ్రి. యార్డుల ఘాటుకు నటుడు తుమ్ముతనే ఉంటడు, డైలాగులు అక్కడ పెట్టుకోకుండ నడిచే షాట్లే తియ్యండ్రి. లెన్సు తుడిచే బట్ట దగ్గర ఉంచుకోండ్రి. వేయిస్తంభాల గుడి, వరంగల్ ఖిలా కాడ తియ్యాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలె.