వరద టీముల మెష్ రేడియోలకి కీస్: ముందే సైన్ చేసి ఇవ్వాలా, ఫీల్డ్‌లో పంచుకోవాలా?

గోదారి_నోడ్:
2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో ఫోన్లు ఎలా మూగబోయాయో చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకే మా వాలంటీర్ టీముకి లోరా (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో) బోర్డులతో మెష్‌టాస్టిక్ నెట్ వేద్దామని ప్లాను, అంటే బోర్డు నుంచి బోర్డుకి మెసేజ్‌లు అందించుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్. టవర్ లేదు సర్వర్ లేదు, నోడ్స్ (అంటే ఆ బోర్డులు) అన్నీ తిరుగుతూనే ఉంటాయి. మెసేజ్‌లకి తాళం వేసే డీఫాల్ట్ ఛానెల్ కీ అందరికీ కనిపించే సోర్స్ కోడ్‌లోనే ఉంది కాబట్టి అది ఉన్నా లేనట్టే. పోనీ అందరికీ ఒకే సీక్రెట్ కీ పెడితే ఒక్క బోర్డు ఎవడి చేతికో పోయినా మొత్తం నెట్ గోవిందా. నా ఓటు 1999లో జౌ, హాస్ అనే రీసెర్చర్లు చెప్పిన పద్ధతికే. సర్టిఫికెట్లు (ఈ కీ ఫలానావాడిదే అని చెప్పే చీటీలు) సైన్ చేసే కీని ఒకడి దగ్గరే పెట్టకుండా ముక్కలు చేసి ఏడుగురికి పంచడం, ముగ్గురు కలిస్తేనే సంతకం పడుతుంది. రెండు ముక్కలు దొంగకి దొరికినా పనికిరావు. మీరేమంటారు?

బేస్‌బ్యాండ్_బాబాయ్:
పేపర్ మీద బ్రహ్మాండం. కానీ వాగు పొంగి టీం రెండుగా చీలి, అవతలి ఒడ్డున ముక్కలున్నోళ్ళు ఇద్దరే మిగిలితే కొత్తోడికి సర్టిఫికెట్ ఎవరిస్తారు? అసలు సంగతి, మనం ముక్కూమొహం తెలీనోళ్ళం కాదు. బయల్దేరే ముందు అందరం ఒకే హాల్లో టీ తాగుతాం కదా, అక్కడే నెట్ లేని లాప్‌టాప్ మీద అందరి పబ్లిక్ కీస్ (బయటికి చూపించే కీస్) సైన్ చేసేస్తే అయిపోయె. మూడ్రోజుల గడువు పెట్టండి, బోర్డు పోయినా దానంతటదే చచ్చిపోతుంది.

గోదారి_నోడ్:
గడువు అంటే గడియారం కరెక్టుగా ఉండాలి బాబాయ్. చవక బోర్డుల్లో బ్యాటరీ ఉన్న క్లాక్ ఉండదు, రీబూట్ అయ్యాక జీపీఎస్ పట్టేదాకో ఫోన్ కలిపేదాకో దానికి టైమే తెలీదు. పైగా మూడ్రోజులంటే పోయిన బోర్డు మూడ్రోజులు మన మాటలు వింటున్నట్టేగా!

సైడ్‌లోబ్:
ఇద్దరూ ప్యాకెట్ సైజు మర్చిపోయారు. లోరాలో ఒక ప్యాకెట్ 255 బైట్లకి మించదు, డీఫాల్ట్ సెట్టింగులో స్పీడు సెకనుకి దాదాపు 1 కిలోబిట్. మామూలు వెబ్‌సైట్ సర్టిఫికెట్ అందులో పట్టదు. ఈడీ25519 అనే సంతకం పద్ధతి అయితే కీ 32 బైట్లు, సంతకం 64, హాయిగా పడతాయి. దాన్ని త్రెషోల్డ్ పద్ధతిలో, అంటే గోదారి చెప్పినట్టు ముక్కలతో చేస్తే మాత్రం రెండు రౌండ్ల ముచ్చట, ఒక్క ప్యాకెట్ పోతే మళ్ళీ మొదటికే. బీఎల్‌ఎస్ అనే ఇంకో సంతకం పద్ధతిలో ఒకే రౌండ్ గానీ ఆ లెక్కలు చిన్న చిప్ మీద నత్తనడక. అన్నట్టు మెష్‌టాస్టిక్ ఫర్మ్‌వేర్‌లో (బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్‌లో) సీఏ, అంటే సర్టిఫికెట్లు సైన్ చేసే అథారిటీ అనేదే లేదు, మీ ఇద్దరిలో ఎవరు నెగ్గినా పైన యాప్ రాయాల్సిందే 😀

కొత్త_వైరు:
సీఏ ఎందుకండీ, మెష్‌టాస్టిక్ 2.5 వెర్షన్ నుంచి బోర్డుకో కీ జత ఉంటోంది కదా, దాన్నే నమ్మొచ్చుగా?

బేస్‌బ్యాండ్_బాబాయ్:
తమ్ముడూ, 2025లో బయటపడ్డ లొసుగు చూడు. కొన్ని కంపెనీలు ఒకే ఫర్మ్‌వేర్ ఇమేజ్ కాపీ కొట్టి అమ్మడంతో వేర్వేరు బోర్డుల్లో అవే కీస్ వచ్చాయి. కొనగానే ఫర్మ్‌వేర్ మార్చి కీస్ కొత్తగా పుట్టించి, అప్పుడు నా హాల్లోకి తీసుకురా.
గోదారీ, పోయిన బోర్డు గురించి నువ్వన్నది ఒప్పుకుంటా. సైనింగ్ లాప్‌టాప్‌లోనే, మార్పు లేదు. పోయిన బోర్డు సర్టిఫికెట్ రద్దు మాత్రం ఇద్దరు లీడర్లు విడివిడిగా సైన్ చేసి పంపితే చెల్లేట్టు పెడదాం, లెక్కలేమీ అక్కర్లేదు, రెండు మామూలు సంతకాలు.

గోదారి_నోడ్:
రద్దు మెసేజ్ అవతలి ఒడ్డుకి చేరకపోతే?

బేస్‌బ్యాండ్_బాబాయ్:
నీ ఏడు ముక్కలతో చేసినా చేరదు కదయ్యా. ఎవరు కలిస్తే వాళ్ళకి తిరిగి తిరిగి పంపుతూ ఉండటమే.

గోదారి_నోడ్:
అదీ నిజమే. కానీ ఆ లాప్‌టాప్ ఎవరింట్లో ఉంటుందో చెప్పందే నేను ఒప్పుకోను.