ఏపీఐ బ్రౌజర్‌లో వస్తోంది, ఫోన్‌లో రావట్లేదు (మిర్చి కాటా యాప్, మినీ ప్రాజెక్ట్)

మూడో_ఏడాది_గుంటూరు

అందరికీ నమస్తే. బీటెక్ మినీ ప్రాజెక్టుకి మిర్చి యార్డు కమీషన్ కొట్లో గుమస్తా వాడుకునే యాప్ తీసుకున్నాం. రైతు పేరు, ఊరు, రకం (తేజ, 334, తాలు), ఒక్కో టిక్కీ (మిర్చి బస్తా) కాటా (బరువు), క్వింటా రేటు కొడితే చీటీ రావాలి. టీమ్‌లో నలుగురం, గడువు 12 వారాలు. సర్వర్ నోడ్, ఎక్స్‌ప్రెస్, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, ఫోన్ వైపు ఫ్లటర్ (గూగుల్ వాళ్ల యాప్ టూల్‌కిట్).

మా ఏపీఐ (యాప్ సర్వర్‌ని డేటా అడిగే దారి) లోకల్‌హోస్ట్:3000 అడ్రస్‌తో లాప్‌టాప్ బ్రౌజర్‌లో బ్రహ్మాండంగా వస్తోంది. అదే అడ్రస్ యాప్‌లో పెడితే "కనెక్షన్ రిఫ్యూజ్డ్". లాప్‌టాప్ 8 జీబీ, ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లో నడిచే నకిలీ ఫోన్) తెరిస్తే అంతా ఆగిపోతోంది. ఇంకోటి, సిలబస్‌లో ఆండ్రాయిడ్ జావా, ఎక్స్ఎంఎల్ ఉన్నాయి. ఫ్లటర్ వదిలేసి కోట్లిన్ (ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఇంకో భాష)కి మారాలా? పని నలుగురికీ ఎలా పంచుకుంటే మంచిది?

బ్రాడీపేట_నాలుగో_లైను

ముందు కనెక్షన్ సంగతి. ఫోన్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ఫోనే, మీ లాప్‌టాప్ కాదు. ఫోన్ తనలోనే 3000 పోర్టు (సర్వర్ వినే తలుపు నంబరు) వెతుక్కుంటోంది, అక్కడ ఎవరూ వినట్లేదు కాబట్టి రిఫ్యూజ్డ్ అంటోంది. ఎమ్యులేటర్‌లో అయితే లాప్‌టాప్‌ని 10.0.2.2 అనే అడ్రస్‌తో పిలవాలి.

8 జీబీతో ఎమ్యులేటర్ జోలికి పోవద్దు. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టి, టెర్మినల్‌లో ఇది కొట్టండి (ఏడీబీ అంటే లాప్‌టాప్ నుంచి ఫోన్‌తో మాట్లాడే టూల్):

ఏడీబీ రివర్స్ టీసీపీ:3000 టీసీపీ:3000

ఇక ఫోన్‌లోని లోకల్‌హోస్ట్:3000 కేబుల్ గుండా లాప్‌టాప్‌కి వెళ్తుంది. కోడ్‌లో అడ్రస్ మార్చక్కర్లేదు. కేబుల్ ఊడితే ఆ దారి పోతుంది, పెట్టాక మళ్లీ కొట్టాలి. "నిన్న పనిచేసింది, ఇవాళ లేదు" అనే ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

వైఫై మీదే చెయ్యాలంటే సర్వర్‌ని 127.0.0.1 (ఈ లాప్‌టాప్‌కి మాత్రమే) మీద కాకుండా 0.0.0.0 (బయటి పరికరాలకి కూడా) మీద వినమనాలి, విండోస్ ఫైర్‌వాల్‌లో నోడ్‌కి అనుమతి ఇవ్వాలి. రెండూ చేసినా హాస్టల్ వైఫైలో రాకపోవచ్చు. చాలాచోట్ల ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా రౌటర్‌లోనే కట్ చేసి ఉంచుతారు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌కే లాప్‌టాప్‌ని కలిపి చూడండి.

ఇంకొక్కటి ఇప్పుడే రాసుకోండి, రివ్యూ రోజు ముంచేది ఇదే. ఫ్లటర్ ప్రాజెక్టులో ఇంటర్నెట్ పర్మిషన్ డీబగ్ (పరీక్ష వెర్షన్) మానిఫెస్ట్ (యాప్ అనుమతులు రాసే ఫైల్)లో తనంతట తనే ఉంటుంది, మెయిన్ మానిఫెస్ట్‌లో ఉండదు. అందుకే కేబుల్ మీద అన్నీ వస్తాయి, రిలీజ్ ఏపీకే (ఫోన్‌లో ఎక్కించే తుది యాప్ ఫైల్) చేసి ఇస్తే ఒక్క రిక్వెస్టూ పోదు. మెయిన్ ఫోల్డర్‌లోని ఆండ్రాయిడ్ మానిఫెస్ట్‌లో ఆ ఒక్క లైను మీరే చేర్చాలి.

బందర్‌రోడ్_బ్యాకెండ్

ఫ్లటరా కోట్లినా అని రెండు వారాలు వాదించుకోవద్దు, మీకున్నవి 12. మొదలుపెట్టారు కాబట్టి ఫ్లటరే కానివ్వండి. గూగుల్ 2019లో ఆండ్రాయిడ్‌కి కోట్లినే ముందు అని ప్రకటించింది, కాబట్టి ఉద్యోగానికి నేటివ్ ఆండ్రాయిడ్ అనుకుంటే అది తర్వాత తప్పకుండా నేర్చుకోండి. సిలబస్‌లో జావా ల్యాబ్ పరీక్ష కోసం విడిగా చదవండి, ఆ యాక్టివిటీ లైఫ్‌సైకిల్ (యాప్ స్క్రీన్ తెరుచుకుని, ఆగి, మూసుకునే దశలు) తెలిస్తే ఫ్లటర్‌లోనూ పనికొస్తుంది: ఫోన్ కాల్ రాగానే సగం కొట్టిన కాటా ఎందుకు మాయమైందో అర్థమవుతుంది.

అసలు నేర్చుకోవాల్సింది ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య ఏం నడుస్తోంది అనేది. అందుకే మొదటి మూడు వారాలు యాప్ ముట్టుకోకుండా మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారంతో రైతు, చీటీ, టిక్కీ అని మూడు టేబుళ్లు నడిపించండి. టిక్కీకి చీటీ నంబరు ఫారిన్ కీ (ఆ టిక్కీ ఏ చీటీదో చెప్పే లింకు). ఒక్కో కాటా విడి వరుస. 40 టిక్కీల కాటాలూ కామాలు పెట్టి ఒకే గడిలో కుక్కితే, ఒక టిక్కీ తప్పు పడ్డప్పుడు సరిదిద్దడం నరకం.

లెక్కల్లో దశాంశాలు వాడకండి. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. బరువు గ్రాముల్లో, డబ్బు పైసల్లో పూర్ణాంకాలుగా పెట్టండి. 43.6 కిలోల టిక్కీ 43,600. క్వింటా 14,500 రూపాయలంటే 14,50,000 పైసలు. రెండూ గుణించి లక్షతో (క్వింటాకి లక్ష గ్రాములు కదా) భాగిస్తే 6,32,200 పైసలు, అంటే 6,322 రూపాయలు. రౌండింగ్ చీటీ మొత్తం మీద ఒక్కసారే చెయ్యండి. టిక్కీ టిక్కీకి చేస్తే గుమస్తా కాలిక్యులేటర్‌కీ మీ చీటీకీ తేడా వస్తుంది, ఆ రోజుతో యాప్ మీద నమ్మకం పోయినట్టే.

పని పంచడం: "ఒకడు ఫ్రంటెండ్, ఒకడు బ్యాకెండ్, ఒకడు డేటాబేస్, ఒకడు రిపోర్టు" అని మాత్రం పంచుకోవద్దు. నాలుగోవాడికి ఏమీ రాదు, వైవాలో దొరికేదీ వాడే. రైతు నమోదు ఒకరు, కాటా ఒకరు, చీటీ ఒకరు, లాగిన్, రోజువారీ మొత్తాలు ఒకరు. ఎవరి భాగం వాళ్లు టేబుల్ నుంచి స్క్రీన్ దాకా రాయాలి. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్)లో ఎవరి బ్రాంచ్ (విడి కాపీ) వాళ్లది, ఏ రోజుది ఆ రోజే మెర్జ్ (అసలు కోడ్‌లో కలపడం). నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఎన్వ్ ఫైల్ రెండూ మొదటి కమిట్ (గిట్‌లో నమోదు)కి ముందే గిట్ ఇగ్నోర్ (గిట్ పట్టించుకోని ఫైళ్ల జాబితా)లోకి వెళ్లాలి. ఒకసారి కమిట్ అయిన పాస్‌వర్డ్ తర్వాత ఫైల్ తీసేసినా హిస్టరీలో ఉండిపోతుంది; ఇక ఆ పాస్‌వర్డ్‌నే మార్చడం ఒక్కటే దారి.

మూడో_ఏడాది_గుంటూరు

బ్రాడీపేట అన్నా, కేబుల్‌తో ఏడీబీ రివర్స్ కొట్టగానే వచ్చేసింది, చాలా థాంక్స్. ఇప్పుడు రెండు కొత్త చిక్కులు. సిగ్నల్ సరిగా లేనప్పుడు సేవ్ నొక్కితే తిరుగుతూ ఉంటుంది, మళ్లీ నొక్కితే అదే చీటీ రెండుసార్లు పడుతోంది. ఇంకోటి, నా లాప్‌టాప్‌లో చేసిన ఏపీకే మా ఫ్రెండ్ ఫోన్‌లో పాతదాని మీద ఎక్కట్లేదు, "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అంటోంది.

బందర్‌రోడ్_బ్యాకెండ్

రెండుసార్లు పడటానికి కారణం ఇది: మొదటి రిక్వెస్ట్ సర్వర్‌కి చేరింది, చీటీ రాసేసింది, జవాబు మాత్రం తిరిగి ఫోన్‌కి చేరలేదు. ఫోన్ దృష్టిలో అది ఫెయిల్. బటన్ని డిసేబుల్ చేస్తే సగమే తీరుతుంది. గుమస్తా ఫారం తెరవగానే చీటీకి ఫోన్‌లోనే ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని ఐడీ) పుట్టించండి. ఎన్నిసార్లు పంపినా అదే ఐడీ వెళ్లాలి. టేబుల్‌లో ఆ కాలమ్‌కి యూనిక్ కీ (ఒకే విలువ రెండుసార్లు పడనివ్వని కట్టడి) పెట్టండి. రెండోసారి వస్తే సర్వర్ ఎర్రర్ ఇవ్వకుండా, ముందు రాసిన చీటీనే తిరిగి పంపాలి.

ఆ తర్వాత మెట్టు ఎస్‌క్యూలైట్ (ఫోన్‌లోనే ఉండే చిన్న డేటాబేస్). చీటీ ముందు ఫోన్‌లో పడి, "పంపలేదు" అన్న గుర్తుతో ఉండాలి. నెట్ రాగానే వెళ్లాలి. యూయూఐడీ ఉంటే ఇది తేలిక, లేకపోతే డూప్లికేట్లు ఇంకా పెరుగుతాయి. అందుకే ముందు అది.

ఏపీకే సంగతి సంతకం (యాప్ ఎవరు చేశారో చెప్పే డిజిటల్ గుర్తు) గొడవ. ప్రతి లాప్‌టాప్‌కీ దాని డీబగ్ కీ వేరు. ఒకే ప్యాకేజీ పేరుతో (ఫోన్‌కి యాప్‌ని గుర్తుపట్టించే పేరు) వేరే సంతకం వస్తే ఆండ్రాయిడ్ పాతదాని మీద ఎక్కనివ్వదు. పాతది తీసేసి ఎక్కించొచ్చు గానీ అందులో ఇంకా పంపని చీటీలు కూడా పోతాయి. టీమ్ మొత్తానికి ఒకే కీస్టోర్ (సంతకం కీ ఉండే ఫైల్) చేసుకుని, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి, గిట్‌లో మాత్రం పెట్టొద్దు. ప్లే స్టోర్ దాకా వెళ్లక్కర్లేదు మీకు. అక్కడ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు కట్టాలి, కొత్త వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు నడపాలి.

అక్షరం_వత్తు

తెలుగు గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను చెప్తాను, రైతు పేర్లు తెలుగులోనే ఉంటాయి కదా.

డేటాబేస్ యూటీఎఫ్8ఎంబీ4 (తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే అక్షర కోడ్)లో ఉందో లేదో చూడండి. పాత టేబుల్ లాటిన్1 (తెలుగు పట్టని పాత అక్షర కోడ్)లో ఉంటే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు పడొచ్చు, అలా పడినవి తిరిగి రావు. పేరు పొడవుకి హద్దు పెట్టేటప్పుడు జాగ్రత్త: "స్త్రీ" కంటికి ఒకటే అక్షరం, జావాస్క్రిప్ట్ లెంగ్త్‌లో 6, యూటీఎఫ్-8లో 18 బైట్లు.

వెతకడంలో అసలు తంటా కనిపించని అక్షరంతో. జాన్‌బాబు అని రాయడానికి కొన్ని కీబోర్డులు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు వత్తుగా కలవకుండా ఆపే కనిపించని గుర్తు) పెడతాయి. అది లేకపోతే జాన్బాబు అవుతుంది. ఇంకొకరు ఖాళీ పెట్టి జాన్ బాబు అని కొడతారు. ముగ్గురూ ఒకరే, డేటాబేస్‌కి ముగ్గురు రైతులు. కొట్టిన పేరు ఉన్నదున్నట్టు దాచి, పక్కన వెతకడానికి ఇంకో కాలమ్ పెట్టి, అందులో ఆ గుర్తునీ ఖాళీలనీ తీసేసి రాయండి. వెతికే మాటకీ అదే పని చెయ్యాలి. వెంకటేశ్వర్లు, వేంకటేశ్వర్లు లాంటివి అప్పటికీ తప్పిపోతాయి కాబట్టి ముందు ఊరు ఎంచుకుని, ఆ ఊళ్లో పేర్లే చూపించండి.

చీటీ ప్రింటు: 58 ఎంఎం థర్మల్ ప్రింటర్‌కి నేరుగా తెలుగు టెక్స్ట్ పంపితే చెత్త వస్తుంది, దాని లోపలి ఫాంట్‌లో తెలుగు ఉండదు. స్క్రీన్ మీద చీటీని విడ్జెట్ (ఫ్లటర్‌లో స్క్రీన్ భాగం)గా గీసి, 384 చుక్కల వెడల్పున్న నలుపు తెలుపు బొమ్మగా మార్చి పంపండి. పీడీఎఫ్ చేస్తే ముందు "క్ష", "ర్వ", "స్త్రీ" ఉన్న ఒక పేరుతో పరీక్షించండి. చాలా లైబ్రరీలు వత్తుల్ని విడదీసి పక్కపక్కన పేరుస్తాయి. స్క్రీన్ మీద కూడా వరుస ఎత్తు 1.5 ఉంచండి, ఇంగ్లిష్‌కి సరిపోయే ఎత్తులో "స్త్ర" కింది వత్తు తెగిపోతుంది.

మూడో_ఏడాది_గుంటూరు

యూయూఐడీ పెట్టాం. సేవ్ నొక్కాక కావాలనే సర్వర్ జవాబుని 30 సెకన్లు ఆపి ఐదుసార్లు నొక్కి చూశాం, ఒక్క చీటీయే పడింది. డేటాబేస్ చూస్తే లాటిన్1లోనే ఉంది, ఇంకా అసలు డేటా ఎక్కించలేదు కాబట్టి టేబుళ్లు కొత్తగా చేస్తున్నాం.